నాలుగువందల పదునేడవ రంగు

గౌతమీ వైనతేయముల నడుమఁ బచ్చని చాపవలెఁ బఱచుకొనియున్న కోనసీమమీఁద ఆషాఢమేఘములు కొబ్బరితలలను దాఁకుచు మందమందముగా సాగుచుండఁగాఁ గాలువలు కొత్తనీటి యెఱ్ఱదనముచేఁ గలఁగి గట్లొరసికొని పాఱుచుండఁగా వీథులందలి గుంటలలో నిలిచిన వాననీటిని దాఁటుటకై చీరకుచ్చెళ్ళు పిడికిటఁ బట్టికొన్న పురస్త్రీలు రానున్న శ్రావణశుక్రవారములకుఁ గావలసిన రవికెగుడ్డలను మనసులో నెంచికొనుచు అంగళ్ళదారిఁ బట్టుచుండఁగా ఒకనాఁడు పదిగంటలవేళ హైమవతి యను నిరువదియేడేండ్ల యువతి కాకినాడ బస్సు దిగి భుజమున సంచియు సంచిలో ల్యాప్‌టాపును ల్యాప్‌టాపులోఁ దాను నమ్ముకొన్న సాఫ్టువేరును మోసికొనుచు అమలాపురపుఁ బెద్దబజారునందలి చిత్రవర్ణ మ్యాచింగు సెంటరు మెట్లెక్కెను.

చదువరులలో మ్యాచింగు సెంటరు గడప త్రొక్కని పురుషపుంగవులు పెక్కండ్రుందురు గావున వారికొక్కమాట చెప్పవలసియున్నది. చీర యెంత వెలగలదియైనను దానికిఁ దగిన రవికె కుదురనిచోఁ గట్టుకొన్న యామెకు నిద్రపట్టదు, చూచిన యామె నోరు ఊరకుండదు. ఆ కుదురును అమ్మునట్టి యంగడియే మ్యాచింగు సెంటరు. కొనవచ్చినవారు చీరను సంచినుండి తీసి బల్లపైఁ బఱచినతోడనే అమ్మువారు దానికి సరిపడు గుడ్డతానును అఱనుండి లాగి చీరప్రక్కఁ బెట్టి చూపి ఒక మీటరు చించి యిత్తురు. చిత్రవర్ణమునందు మూఁడుగోడల నిండ నేలమొదలు కప్పువఱకు నిలిచిన యఱలలో నాలుగువందల పదాఱు రంగుల తానులుండెను. మానవనేత్రము అన్ని రంగులను వేఱువేఱుగాఁ జూడఁగలదా యని శంకించువారు ఒక్కసారి తమ యిల్లాండ్ర నడిగి చూచుకొనవచ్చును.

అంగడి యజమానుఁడు గ్రంధి పాండురంగారావు ఏఁబదియొక్క యేండ్లవాఁడు, కోపము గబాలున వచ్చి గబాలునఁ బోవు స్వభావము గలవాఁడు. ప్రక్కవీథిలోని చెప్పులకొట్టువాఁడు కంప్యూటరుతో బిల్లులు వ్రాయుచుండఁగాఁ దానింకను కాగితముపైఁ బెన్నుతో గీకుచుండుట తలవంపులుగాఁ దోఁచి యతఁడు కాకినాడలో ఒక గదియు ముగ్గురు మనుష్యులును గల చిన్న సాఫ్టువేరు సంస్థకుఁ గబురంపెను. ఆ ముగ్గురిలో నొకతె హైమవతి. వారి సాఫ్టువేరు మందులకొట్లకును జెప్పులకొట్లకును జక్కఁగా నమరియుండెను. ఒక్కొక్క యంగడి నడవడిఁ జూచి దాని యొడ్డుపొడవులకుఁ దగినట్లు ఆ సాఫ్టువేరును గత్తిరించి కుట్టి యిచ్చుట హైమవతి వంతు. ఇచ్చటఁ బని కుదిరినచో అదే బజారునందలి మఱి నాలుగు బట్టలకొట్లు తమకు దక్కునని యామె యాశపడుచుండెను.

అయితే తొలినాఁడే చిక్కు వచ్చిపడెను. ఆ సాఫ్టువేరునందు సరకు పేరు వ్రాయు గడి యొకటి గలదు. అది నిండనిదే సాఫ్టువేరు అడుగు ముందునకు వేయదు. అమ్ముచుండు పడుచులలోఁ జుఱుకైన నాగదుర్గను బిలిచి హైమవతి ఒక తానును జూపెను.

“దీని పేరేంటండీ?”

“ఆకుపచ్చేనండి.”

“మరి దాని పక్కది?”

“అదీ ఆకుపచ్చేనండి. కాపోతే ఇది కాదండి అది.”

హైమవతి నుదురు పట్టుకొనెను. నాగదుర్గ ఆమెను జూచి జాలిపడి గొంతు తగ్గించి, “మాణిక్యమ్మగారిని అడగండి మేడమ్. ఆవిడకే తెలుసండి పేర్లన్నీ. మేమైతే అదిగో అది, దాని కిందది అనుకుంటామండి, ఆయ్” అని యుపాయము చెప్పెను.

అంగడి నడిమిబల్లవెనుక ఎత్తుపీఁటపై నాసీనయై యున్న మాణిక్యాంబ యేఁబదియెనిమిదేండ్ల స్త్రీ. దేవాంగుల యింటఁ బుట్టి మగ్గపుఁజప్పుడు వినుచుఁ బెరిగి ముప్పదియొక్క యేండ్లుగా నదే పీఁటపైఁ గూరుచుండి కోనసీమలో సగము రవికెలను దన చేతులమీఁదుగాఁ జించి యిచ్చినది. పెండ్లి లేదు, మంచముపట్టిన యక్కయు దానును ఒక యద్దెయింట నుందురు. ఆమెకు నోరు మెండు. ఎవ్వరినైనఁ బ్రశ్నింపక విడుచునది కాదు. హైమవతి చూచుచుండఁగానే ముమ్మిడివరమునుండి వచ్చిన యొక పడుచు చీరను బల్లపైఁ బఱచెను. మాణిక్యాంబ దానిపై నఱచేయి యుంచి దానివంకఁ జూడనైనఁ జూడక పడుచు మొగముఁ జూచి యడిగెను.

“ఏం రంగు తెచ్చావే తల్లీ?”

“వంకాయ రంగండి.”

“పొద్దున్న కోసిన వంకాయా, సంతలో సాయంత్రందాకా మిగిలిపోయిన వంకాయా?”

బల్లచుట్టునున్న వారందఱును గొల్లుమనిరి. పడుచు నవ్వాపుకొనుచు, “పొద్దున్నదేనండి. నిగనిగలాడతంది” అనెను.

“ముచ్చిక దగ్గరా, అడుగునా?”

“అడుగునండి.”

మాణిక్యాంబ తల త్రిప్పలేదు. ఆమె చేయి వెనుకకుఁ బోయి మూఁడవ యఱలోఁ గుడినుండి యైదవ తానును లాగి చీరప్రక్కఁ బెట్టెను. చీర యెక్కడ ముగిసెనో తానెక్కడ మొదలయ్యెనో చెప్పుట కెవ్వరివల్లను గాలేదు. ఔరా యని హైమవతి ముక్కుమీఁద వ్రేలు వేసికొనెను. ఈ ప్రశ్నలు కొనవచ్చినవారిని నవ్వించి నిలుపుకొనుటకై యామె నేర్చిన యమ్మకపుఁజమత్కారమని యప్పటికిఁ దలఁచెను.

అది మొదలు ఆఱు దినములు హైమవతి యామె ప్రక్కఁ గూరుచుండి పేరులు వ్రాసికొనెను. ఉల్లిపొర, తాటిముంజె, పాలపిట్ట, ముక్కుపొడి, పచ్చి పసుపు, దంచిన పసుపు, చింతచిగురు, వరదగోదారి, వరద తీసిన గోదారి అని మాణిక్యాంబ అఱవెంబడి అఱ పీఁటమీఁదనుండి దిగకయే చెప్పుకొనిపోవుచుండఁగా హైమవతి వ్రేళ్ళు నొప్పి పుట్టునంతవఱకుఁ గంప్యూటరులో నెక్కించెను. నాలుగువందల పదాఱింటికిని బేరులు గుదిరెను. ప్రతి రంగునకును ఒక కోడు సంఖ్య వచ్చెను.

ఇంతవఱకు బాగుగనే యున్నది. పిమ్మట హైమవతి చేసినది చూడుఁడు. కంప్యూటరులోఁ గోడులు వరుసగా నుండఁగా అఱలలోఁ దానులు వరుసలేక యుండుట యామె కంటిలో నలుసయ్యెను. పాలపిట్ట పైనెక్కడనో దాని నంటియుండవలసిన నెమలిమెడ క్రిందనెక్కడనో యున్నది. నేరేడుప్రక్క దానితోఁ జుట్టఱికమే లేని తాటిముంజె యున్నది. చదువుకొన్న పిల్ల గదా, సర్దక యెట్లుండఁగలదు? వారపుసెలవునాఁడు యజమాని యనుమతి గైకొని నాగదుర్గను మఱి యిద్దఱిని దోడు తెచ్చుకొని నాలుగువందల పదాఱు తానులను దించి తుడిచి కోడుల వరుసను మరల నెక్కించి యఱ యఱకును నంబరుచీటి యంటించెను. మాణిక్యాంబ యానాఁ డక్క మందులకై పోయియుండెను. సాయంకాలమునఁ బాండురంగారావు వచ్చి గోడలవంకఁ జూచి, “ఇప్పుడు కొట్టు కొట్టులా ఉందమ్మా” అని మెచ్చుకొనెను. హైమవతికిఁ గడుపు నిండినట్లయ్యెను.

మఱునాఁడు మాణిక్యాంబ వచ్చి పీఁటయెక్కి నలువైపులఁ బాఱఁజూచి బల్ల తుడిచికొనెను; చూచుచునే యున్నది గదా యని యఱల మార్పును నోట నెవ్వరును జెప్పలేదు. ఆ పూఁట యంబాజీపేటనుండి వచ్చిన యొక యిల్లాలు తన క్రొత్తయింటి గృహప్రవేశమునకుఁ గట్టుకొనఁబోవు నేరేడుపండు చీరను దెచ్చెను. ఎప్పటివలెనే ప్రశ్నలు నడచెను, నవ్వులు నడచెను. మాణిక్యాంబ చేయి వెనుకకుఁ బోయెను, తడఁబడెను, ఒక తానును దెచ్చెను, ఇల్లాలు ప్రక్కవారితో గృహప్రవేశపు ముచ్చటలలో మునిఁగియుండఁగాఁ జీరప్రక్కఁ బెట్టకయే చించెను. మాణిక్యాంబ చించిన గుడ్డను విప్పి సరిచూచుకొను నాచారము కోనసీమలో నెవ్వరికిని లేదు. ఇల్లాలు పొట్లమును అట్లే తీసికొనిపోయి యట్లే దర్జీవాని కిచ్చెను. దర్జీవాఁడు మాణిక్యమ్మగారి చేతిగుడ్డ యని చీరతోఁ బోల్చకయే కత్తెర వేసెను. మూఁడవనాఁ డా యిల్లాలు కుట్టించిన రవికెను జీరమీఁద వేసికొని యంగడిలో నిలువఁబడినపుడు చూచినవారందఱును నోళ్ళు వెళ్ళఁబెట్టిరి. చీర నేరేడు రంగు. రవికె ముదురాకుపచ్చ.

“రేపే గృహప్రవేశమండీ! నేనేం చేసేది? మీరిచ్చింది చూసుకోడం నా తప్పా?” అని యామె కన్నీటిపర్యంతమయ్యెను.

పాండురంగారావు పదిమార్లు క్షమాపణము చెప్పి నాగదుర్గచే సరియైన గుడ్డ చింపించి ఆ క్షణమున నెదుటి దర్జీకొట్టున కంపి రెండుగంటలలోఁ గుట్టించి యిప్పించి యామెను సాగనంపెను. మాణిక్యాంబ పీఁటపై నట్లే కూరుచుండియుండెను. ముప్పదియొక్క యేండ్లలోఁ దిరిగివచ్చిన తొలిగుడ్డ యది.

మధ్యాహ్నము యజమాని హైమవతిని దన గల్లాపెట్టె యొద్దకుఁ బిలిచెను. ఆ సాఫ్టువేరునందు అమ్మువారికొక్కొక్కరికి నొక్కొక్క సంఖ్య యుండును; ఆ సంఖ్య లేనివారు బిల్లు వ్రాయఁజాలరు, అనఁగా అమ్మఁజాలరు. ఆ జాబితాను దెఱపించి చూచి యతఁడు గొంతు తగ్గించెను.

“మాణిక్యమ్మగారికి నంబరు పెట్టకండమ్మా. పెద్దావిడైపోయింది. శ్రావణం అవగానే శాలువా కప్పి మర్యాదగా పంపిచ్చేద్దాం. పేర్లన్నీ మీ కంప్యూటర్లో ఉన్నాయి కదా, ఇంక పర్లేదు.”

హైమవతి జాబితానుండి చేయి తీసివేసెను. పేరులు తీసికొన్నది తాను. ఇప్పుడా పేరులు చెప్పిన మనిషినే తీసివేయుదురా? ఆ దినమంతయు నామె పని మాని మాణిక్యాంబ చేతులనే చూచుచుఁ గూరుచుండెను. ఆ చేయి ప్రతిసారియు వెనుకటి చోటునకే పోవుచుండెను, పోయి వ్రేళ్ళతో అఱయంచును దడవి, ఒకటి, రెండు, మూఁడని తానులను లెక్కించుచుండెను, లెక్కించి యాఁగిపోవుచుండెను. పిమ్మట మాణిక్యాంబ నాగదుర్గను బిలిచి, “ఒసే, నా కాళ్ళు లాగుతున్నాయే, ఆ తానేదో నువ్వు తియ్యి” అనుచుండెను. ఆఱు దినములు ప్రక్కఁ గూరుచుండియు హైమవతి చూడనిదానిని ఆ దినమునఁ జూచెను.

మఱునాఁడు భోజనపువేళ అంగడి వెనుకమెట్లపై ఆఁడువారు డబ్బాలు విప్పుకొని తినిపోయిన తరువాత వారిద్దఱే మిగిలిరి.

“ఎన్నాళ్ళయిందండీ, చూపు తగ్గి?” అని హైమవతి సూటిగా నడిగెను.

మాణిక్యాంబ డబ్బామూఁత బిగించెను. “ఎవరు చెప్పారే నీకు?”

“మీ వేళ్ళు అరలు లెక్కపెడుతున్నాయండి.”

మాణిక్యాంబ డబ్బాను బ్రక్కకుఁ బెట్టెను. పిదప నిట్టూర్చి చెప్పెను. “రెండేళ్ళయింది అమ్మాయీ. షుగరు. ఆస్పత్రిలో చూపించుకున్నాను. కంట్లో వెనకాల తెర పాడైందంట, పోయింది ఇంక రాదంట, ఉన్నదాన్ని కాపాడుకోమన్నారు. మనుషులు కనబడతారు, బల్ల కనబడుద్ది. రంగులే… అన్నీ తడిసిన గోనెసంచిలాగే ఉంటాయి. అరలు నోటికొచ్చు. తెచ్చిన రంగేదో వాళ్ళనే అడుగుతాను. వాళ్ళు చెప్తారు, నేను తీస్తాను. అంతే.”

“ఎవరికీ చెప్పలేదా?”

“రంగుల కొట్లో కూర్చుని రంగులు కనబడట్లేదంటే ఎవరుంచుకుంటారే? ఈ బల్ల దిగితే నేనెవరిని? మా అక్కకి గంజి ఎవరు పోస్తారు?”

హైమవతికిఁ దాను చేసిన పని యప్పుడు తెలిసివచ్చెను. అయ్యో, తాను సర్దినవి యఱలు గావు, ఒక మనుష్యురాలి కన్నులు. వానిని దీసి తన కోడులవరుసను బెట్టి పైఁగా మెప్పు పొందినది. సిగ్గుచే నామె మొగము కందిపోయెను.

ఆ సాయంకాలమే యామె యజమాని యెదుటికిఁ బోయి, “తప్పు మాణిక్యమ్మగారిది కాదండి, నాది. అరలు మార్చింది నేను. రేపు పొద్దున్నకి మళ్ళీ పాతచోట్లోనే పెట్టేస్తాను, కోడులే వాటి ప్రకారం మారుస్తాను” అని చెప్పెను. పాండురంగారావు అడ్డుప్రశ్న వేయక మానునా? “అరలు మారితే మాత్రం, కళ్ళెదురుగా ఉన్న ఆకుపచ్చ కనబడదాండీ?” అని యడిగెను. హైమవతి తలవంచుకొనెను. అబద్ధమాడుటకు మనసొప్పలేదు, నిజము చెప్పుటకు నోరు రాలేదు. ఇంతలో వెనుకనుండి మాణిక్యాంబ గొంతు వినఁబడెను.

“కనబడదు బాబుగారూ. రెండేళ్ళనించీ కనబడట్లేదు.”

పాండురంగారావు మొగము జేవురించెను. “రెండేళ్ళా! రెండేళ్ళనించీ మమ్మల్ని మోసం చేస్తన్నారా?”

“ఈ రెండేళ్ళలో ఈ అమ్మాయి అరలు మార్చేదాకా ఒక్క ముక్క తిరిగొచ్చిందా బాబుగారూ?”

ఉత్తరము లేనివారి కోపము మఱింత పెరుగును. “అయితే మాత్రం? చూపులేని మనిషిని రంగుల బల్ల దగ్గర కూర్చోబెట్టానంటే రేపు బజారంతా నన్ను చూసి నవ్వరూ? ఈ నెలాఖరుదాకా ఉండండి. గుమ్మం దగ్గర కూర్చుని ముక్కలు మడతపెట్టండి. చాలు” అని యతఁడు లేచిపోయెను. మాణిక్యాంబ పీఁట దిగి గుమ్మముప్రక్క చాపపైఁ గూరుచుండెను. ఎత్తుపీఁట ఖాళీగా నిలిచెను.

తెల్లవాఱినతోడనే హైమవతి పడుచులను గూర్చుకొని తానులన్నిటిని బూర్వస్థానములకుఁ జేర్చి చీటీలు పెఱికివేసెను. తరువాత సాఫ్టువేరునందుఁ జేయవలసిన మార్పేదో యామెకు స్పష్టముగాఁ దెలిసెను. మాణిక్యాంబ ప్రశ్నలనే యందుఁ బొందుపఱుపవలెను. వంకాయ యని నొక్కఁగానే పొద్దున్నదా సాయంత్రముదా యని తెరపై రావలెను. జవాబు నొక్కఁగానే యే గోడ, యేయఱ, యెన్నవ తాను అను సంగతి రావలెను. కాని యందులకుఁ జేయి సాగలేదు. ప్రశ్నలు గూడఁ గంప్యూటరు నేర్చుకొన్నచో నీమె యక్కఱ యిఁక నెవ్వరికి? ఆ మాటనే చాపప్రక్కఁ గూరుచుండి యామెతోఁ జెప్పెను.

మాణిక్యాంబ మడతపెట్టుట మానలేదు. “రాసుకోవే పిచ్చిదానా. నేను పోతే పోతాను. ఈ పిల్లలు వంకాయని పర్పులనకుండా ఉంటే నాకదే పదివేలు” అనెను.

నాలుగు దినములలో నా పని ముగిసెను. కంప్యూటరు అడుగుచుండఁగా నాగదుర్గ యా ప్రశ్నలను చదివెను, వచ్చినవారు నవ్వి జవాబు చెప్పిరి, సరియైన తాను సరియైన యఱనుండి దిగెను. పాండురంగారావు సంతోషించి, శ్రావణమునుండి బిల్లులు గూడ దానిచేతనే వ్రాయింత మనెను. హైమవతి సంతోషింపలేదు.

శ్రావణమునకు రెండు దినములుండఁగా సూరత్తునుండి క్రొత్త తానొకటి వచ్చెను. నాలుగువందల పదునేడవది. సాఫ్టువేరు యథాప్రకారము పేరడిగెను. నాగదుర్గ చూచి, “లైట్ బ్రౌనండి” అనెను. అట్టి పేరుతో వెదకినచోఁ బదునొకండు తానులు దొరకునని హైమవతి చెప్పెను. పడుచు లొకరి తరువాత నొకరు చూచి ఇసుక యనిరి, టీ యనిరి, బిస్కట్టనిరి, ఒక్కటియుఁ గుదురలేదు. పాండురంగారావునకు విసుగు పుట్టెను.

“ఒక్క పేరుకి ఇంతమందా! ఇలా తెండి. గోధుమ రంగు. రాసెయ్యండి.”

గుమ్మముప్రక్క చాపనుండి మాణిక్యాంబ తలయెత్తకయే యడిగెను. “గోధుమలా బాబుగారూ, గోధుమపిండా?”

అడిగినదానికి జవాబు చెప్పకుండుట మనుష్యునికిఁ గష్టము. “పిండి కాదు. గింజే” అని యతఁడనెను.

“కొత్త గింజా, పాతదా?”

“పాతదే. కాదు, గింజకి మెరుపుంటుంది. దీనికి లేదు.”

“మెరుపు లేపోతే వేరుశనగ పొట్టా?”

“అంత ఎరుపు లేదండీ!” అని కసరి యతఁడు తానును జంక నిడుకొని గుమ్మము వెలుపలి వెలుతురులోనికి వచ్చెను. దీపపు వెలుఁగు రంగును మార్చునని యా వృత్తివారందఱికిఁ దెలియును. వాన వెలిసి వీథి తేటగా నుండెను. అతఁడు గుడ్డను దన యఱచేతిపైఁ బఱచి యిటునటు త్రిప్పి చాలసేపు చూచెను. బిగ్గఱగా మాటాడుట మానెను.

“పైకి గోధుమలాగే ఉంది. కిందనించి కొంచెం పసుపు… రాసుకున్న పసుపు కాదు. రాసుకుని కడిగేసుకున్నాక చర్మంలో మిగిలిపోద్ది చూడండి, అలాంటి పసుపు.”

“ఎక్కడ మిగిలింది బాబుగారూ, మొహానా, పాదాలకా?”

“చేతులకి.”

“ఎవరి చేతులకి?”

పాండురంగారావు గుడ్డను మఱల నిమిరెను. “మా అమ్మ చేతులకి” అనెను.

అతని తల్లి గతించి పదునొకండేండ్లయ్యెను. ప్రతిదినమును బటమునకు దండ మార్చుచునే యుండెను. ప్రతిసంవత్సరమును దద్దినము పెట్టుచునే యుండెను. కాని యామె చేయి యే రంగుగా నుండెడిదో యతనికి నేఁటివఱకు జ్ఞప్తికి రాలేదు. అడిగినవారు లేరు. ఇప్పు డా చేయి తన యఱచేతిపై నున్నట్లు తోఁచి యతఁడు వీథివైపు తిరిగి నిలువఁబడెను. కన్నుల నీరు నిండుటచే నా గుడ్డ యతనికిని మసకగానే కనఁబడెను. లోపలనున్న పడుచులు తానులు సర్దుచున్నట్లు నటించిరి.

“ఇంక అడగను బాబుగారూ. పేరు దొరికింది” అని మాణిక్యాంబ మెల్లగాఁ జెప్పి హైమవతివైపు తిరిగెను. “రాసుకో అమ్మాయీ. అమ్మ చెయ్యి. గోధుమల అరలో చిట్టచివర పెట్టించు.”

హైమవతి వ్రాసెను. గడి నిండెను. కొంతసేపటికిఁ బాండురంగారావు మొగము తుడిచికొని లోనికి వచ్చి, “మాణిక్యమ్మగారికి నంబరియ్యండమ్మా” అనెను.

“ఏ నంబరియ్యమంటారండీ?”

“ఒకటి.”

“ఒకటి మీకు పెట్టానండి.”

“నాకు రెండు పెట్టండి. ఏమండీ మాణిక్యమ్మగారూ, బజారోళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. లెగండి. నాకు దీంట్లో ఒక మీటరు చించండి.”

మాణిక్యాంబ చాపమీఁదనుండి లేచి వచ్చి యెత్తుపీఁట యెక్కెను. తానును దగ్గఱకు లాగికొనెను. మీటరు కొలిచి అంచున గంటు పెట్టి యొక్క విసురున సర్రున చించెను. రంగును జూచుటకుఁ గన్నులు చాలును గాని చూచినదేదో తెలియుటకు మనల నడుగువారొకరుండవలయును. అట్టివారు దొరకుట కన్నులు దొరకుటకంటె నరుదు. చిత్రవర్ణ మ్యాచింగు సెంటరునం దా సాయంకాలము క్రొత్త సాఫ్టువేరు వ్రాసిన మొదటి బిల్లును హైమవతి చించి బల్లపైఁ బెట్టెను. అందు రంగు అమ్మ చెయ్యి యనియుఁ గొన్నవారు పాండురంగారావనియు నమ్మినవారు ఒకటవ సంఖ్య, మాణిక్యాంబ యనియు నుండెను. దానిని జదువలేక యామె హైమవతిచేఁ జదివించుకొని వినెను.